ఎర్ర ఇసుకలో శిష్యరికం

ఆస్ట్రేలియా గడ్డ మీద కాలు పెట్టిన తొలి ఒంటె ఒక మనిషి ప్రాణం తీసింది. అదీ తుపాకీతో.

దాని పేరు హ్యారీ. 1840లో అడిలైడ్ రేవులో ఓడ దిగింది. దానితోపాటు ఓడెక్కిన తక్కిన ఒంటెలన్నీ దారిలోనే చచ్చిపోయాయి. ఆరేళ్ల తర్వాత జాన్ హారక్స్ అనే యువకుడు కొత్త నేలలు వెతుకుతూ దాన్ని వెంటబెట్టుకుని ఖండం లోపలికి బయల్దేరాడు. ఒకచోట పక్షిని కొడదామని తుపాకీలో మందు దట్టిస్తున్నాడు. పక్కనే కూర్చున్న హ్యారీ ఉన్నట్టుండి ఒరిగింది. వీపు మీది సామాను తగిలి తుపాకీ పేలింది. హారక్స్‌ వేలు పోయింది, పళ్లు పోయాయి. గాయం విషమించి కొన్ని వారాలకు మనిషే పోయాడు. పోయేముందు ఆ ఒంటెను కాల్చేయమని చెప్పి మరీ పోయాడు.

పాపం ఒంటెదేముంది! బరువు మోస్తూ కూర్చున్న జంతువు ఒక్కలాగే కూర్చోదు, అటూ ఇటూ సర్దుకుంటుంది. ఆ సంగతి చెప్పగల ఒంటెకాపరులు అప్పటికి ఆ ఖండంలో లేరు. అంతే తేడా.

1977 ఏప్రిల్‌లో అదే ఖండం నడిబొడ్డు నుంచి ఇరవై ఆరేళ్ల యువతి ఒకామె నాలుగు ఒంటెలను, ఒక కుక్కను తోడు తీసుకుని పడమటి సముద్రం దిక్కుగా నడక మొదలుపెట్టింది. 2,700 కిలోమీటర్లు. తొమ్మిది నెలలు. పేరు రాబిన్ డేవిడ్‌సన్. పత్రికలు ఆమెను ‘ఒంటెల మహిళ’ను చేశాయి, సాహసి అన్నాయి. ఆమెకు ఆ బిరుదు నచ్చలేదు. నాకూ ఆ తొమ్మిది నెలలకంటే వాటికి ముందు గడిచిన రెండేళ్లే ఎక్కువ ఆశ్చర్యంగా తోస్తాయి. ఎందుకంటే ఆ రెండేళ్లూ ఆమె ఎక్కడికీ నడవలేదు. పని నేర్చుకుంది.

క్వీన్స్‌లాండ్‌లోని ఒక పశువుల క్షేత్రంలో పుట్టిన పిల్ల. 1975లో ఒకనాటి తెల్లవారుజామున ఆలిస్ స్ప్రింగ్స్‌లో రైలు దిగేసరికి ఆమె దగ్గరున్నవి డిగ్గిటి అనే కుక్క, ఆరు డాలర్లు, ఆ ఊరి దుమ్ముకు ఏమాత్రం పనికిరాని బట్టలున్న చిన్న పెట్టె. ఒంటె గురించి అక్షరం ముక్క తెలియదు. మగవాళ్ల పెత్తనం గట్టిగా నడిచే ఊరు అది. బార్‌లో గ్లాసులు అందిస్తూ పొట్టపోసుకుంది. మొదట ఒక కోపిష్టి ఒంటెల యజమాని దగ్గర, తర్వాత శాలే మహమ్మద్ అనే ఒంటెకాపరి దగ్గర చాకిరీ చేసింది. శాలే పూర్వికులు ఆ దేశానికి ఒంటెలతోపాటు వచ్చినవాళ్లే.

ఏం నేర్చుకుంది? ఒంటెను కూర్చోబెట్టడం, లేపడం. ముక్కుకు పుల్ల గుచ్చి ముకుతాడు కట్టడం. రాత్రి మేతకు వదిలేటప్పుడు ముందుకాళ్లకు బందం వేయడం, మెడలో గంట కట్టడం. పుండ్లు కడగడం, సూది మందు వేయడం, జీను కుట్టడం. రెండు వైపులా బరువు సమంగా తూగేలా సామాను కట్టడం అన్నిటికంటే కష్టం. తూకం తప్పితే వీపు రాచుకుని పుండవుతుంది. వీపు పుండైన ఒంటె నడవదు, ఒంటె నడవకపోతే నీళ్లు నడవవు. ఎడారిలో లెక్కంతా ఇంతే.

ఇక ఆ ఒంటె అనే జంతువు సంగతి. మూపురంలో నీళ్లు దాచుకుంటుందని చిన్నప్పుడు మనమంతా నమ్మాం. అందులో ఉన్నది కొవ్వు. ఒంట్లోని కొవ్వంతా వీపు మీద ఒకేచోట పోగుపడటంతో మిగతా శరీరం నుంచి వేడి తేలిగ్గా బయటికి పోతుంది. నీళ్ల పొదుపు రహస్యం వేరేచోట ఉంది. దప్పికతో ఉన్న ఒంటె ఒంటివేడి తెల్లవారుజామున 34 డిగ్రీలకు దిగిపోతుంది, మధ్యాహ్నానికి 40 దాటేదాకా పెరగనిస్తుంది. మనకైతే అది ఆసుపత్రి జ్వరం. దానికి చెమట పట్టకుండా పొద్దు గడిపే ఉపాయం. మనిషి తన బరువులో పదోవంతు నీరు కోల్పోతే తూలి పడతాడు. ఒంటె నాలుగోవంతు కోల్పోయినా నడుస్తూనే ఉంటుంది. దాని ఎర్ర రక్తకణాలు మనవాటిలా గుండ్రంగా కాక కోలగా ఉంటాయి కాబట్టి చిక్కబడిన రక్తంలోనూ జారిపోతాయి. నీళ్లు దొరికిన చోట పదిపదిహేను నిమిషాల్లో నూరు లీటర్లు తాగేసినా ఆ కణాలు ఉబ్బుతాయే తప్ప పగలవు.

ఇలాంటి జంతువుకు ఆస్ట్రేలియా ఎడారి అత్తగారిల్లు కాదు, పుట్టిల్లే అయింది. 1860లో బర్క్, విల్స్‌ల యాత్ర కోసం కరాచీ రేవు నుంచి ఇరవైకి పైగా ఒంటెలను, వాటి కాపరులను తెచ్చారు. ఆ యాత్ర ఘోరంగా విఫలమై నాయకులిద్దరూ చనిపోయారు గానీ ఒంటెలు మాత్రం పనికొస్తాయని తేలింది. తర్వాతి యాభై ఏళ్లలో వేల ఒంటెలు దిగాయి. బలూచిస్తాన్, సింధ్, పంజాబ్, అఫ్గానిస్తాన్‌ల నుంచి వచ్చిన కాపరులందరినీ కలిపి అక్కడి తెల్లవాళ్లు ‘అఫ్గాన్లు’ అనేశారు. టెలిగ్రాఫ్ స్తంభాలకు సరుకు, గనులకు పిండి, రైలు పట్టాలకు దుంగలు, గొర్రెల క్షేత్రాల నుంచి రేవుకు ఉన్ని అన్నీ ఒంటెల మీదే నడిచాయి. 1920లలో లారీలు రాగానే వాటి అవసరం తీరింది. చంపమన్నారు. కొందరు కాపరులు చంపలేక విడిచిపెట్టారు. ప్రపంచంలో ఒంటిమూపురపు ఒంటెలు అడవి జంతువులై లక్షల్లో తిరుగుతున్నది ఇప్పుడు అరేబియాలోనో రాజస్థాన్‌లోనో కాదు, అక్కడే. నీటి గుంటలను తొక్కి పాడుచేస్తాయని ఇవాళ వాటిని హెలికాప్టర్ల మీంచి కాలుస్తున్నారు. తెచ్చినవాళ్ల తప్పుకు ఒంటె శిక్ష అనుభవించడం హ్యారీ నాటి నుంచీ ఉన్నదే.

మధ్యలో ఒక మాట. ఇదే రాబిన్ 1990లలో మన దేశానికి వచ్చి రాజస్థాన్, గుజరాత్‌ల రబారీ పశుపోషకులతో కలిసి తిరిగింది. 1996లో ‘డెజర్ట్ ప్లేసెస్’ అనే పుస్తకం రాసింది. ఒంటెలు తెలుసు, ఎడారి తెలుసు. అయినా ఇక్కడ నడక ఆమెకు చాలా కష్టమైంది. భాష రాదు, చుట్టూ జనం. ఒంటరిగా కూర్చోవడానికి ఒక ఇసుకదిబ్బ కూడా దొరకలేదు. మన ఎడారి ప్రపంచంలోకెల్లా జనసమ్మర్దం ఉన్న ఎడారుల్లో ఒకటి మరి!

తిరిగి ఆలిస్ స్ప్రింగ్స్‌కు. ప్రయాణానికి డబ్బు లేక ‘నేషనల్ జియోగ్రాఫిక్’ పత్రికకు ఉత్తరం రాసింది. 4,000 డాలర్లు వచ్చాయి. బదులుగా ఒక ఫొటోగ్రాఫర్ అప్పుడప్పుడూ ఎడారిలో ఆమెను కలుసుకుని బొమ్మలు తీసుకోవాలి. ఒంటరితనం కోసం బయల్దేరిన మనిషి ఆ ఒంటరితనంలో కొంత ముందే అమ్ముకోవలసి వచ్చింది. ఆ బాధ ఆమె దాచుకోలేదు కూడా. డూకీ, బబ్ అనే రెండు మగ ఒంటెలు, జెలీకా అనే ఆడ ఒంటె, దాని పిల్ల గోలియత్, ముందుగా పరుగెత్తే డిగ్గిటి. ఇదీ పరివారం.

మాక్‌డానెల్ కొండల వారగా పడమటికి నడిచి, అక్కడ దక్షిణానికి తిరిగింది. ఆ కొండలను కోసుకుంటూ పారే ఫింక్ నది ప్రపంచంలోని అతి పాత నదుల్లో ఒకటని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు. పారే అన్నానే గానీ ఏడాదిలో చాలాకాలం అది తెల్లని ఇసుక దారి. అక్కడక్కడా కొండ నీడలో నిలిచిన మడుగులు. వాన వచ్చినప్పుడు మాత్రం తన వయసు గుర్తుచేస్తుంది.

ఎడారి అనగానే మన కళ్ల ముందు నిలిచేది ఉత్త ఇసుక. ఆస్ట్రేలియా మధ్య ఎడారి అలా ఉండదు. ఆలిస్ స్ప్రింగ్స్‌లో ఏడాదికి సగటున 280 మిల్లీమీటర్ల వాన పడుతుంది. కరవుకు పేరుపడ్డ మన అనంతపురం వానలో ఇది సుమారు సగం. పైగా ఆ సగటును నమ్ముకుంటే అంతే సంగతులు. మూడేళ్లు చుక్క రాలక, నాలుగో ఏడు ఒకే వారంలో కుండపోత కురవొచ్చు. అయినా ఆ నేల నిండా చెట్లూ గడ్డీ ఉంటాయి. ఇసుకదిబ్బలు వందల కిలోమీటర్ల మేర ఒకదాని పక్కన ఒకటి వరసలు తీరి ఉంటాయి. వాటిలో చాలావరకు వేళ్లు పట్టి ఆపిన దిబ్బలే, కదలవు. రంగు మాత్రం ఎరుపు. ప్రతి ఇసుక రేణువు చుట్టూ సన్నని తుప్పు పొర. ఇనుము, గాలి కలిసి యుగయుగాలుగా పూసిన పూత అది.

ముల్గా అనే చెట్టును చూడండి. మన తుమ్మకు చుట్టం. దానికి ఆకులుగా కనిపించేవి నిజానికి ఆకులు కావు, చదునై బిరుసెక్కిన కాడలు. అవన్నీ పైకి నిక్కి ఉంటాయి. వాన చినుకు ఎక్కడ పడ్డా ఆ కాడల మీంచి రెమ్మకు, రెమ్మ మీంచి కొమ్మకు, కొమ్మ మీంచి మొదలుకు జారి వేరు దగ్గర ఇంకిపోతుంది. చెట్టు చెట్టంతా ఆకాశం వైపు తెరిచిపెట్టిన గరాటు. కాస్త జల్లు కురిసినా చుట్టుపక్కల నేలకంటే దాని మొదట్లో ఎక్కువ తేమ ఉంటుంది. ఆ తేమ దగ్గరే తేనెచీమల పుట్టలు. ఈ చీమల్లో కొన్ని కడుపులు ద్రాక్షపండంత ఉబ్బేదాకా తేనె నింపుకుని పుట్ట లోపలి కప్పుకు వేలాడుతూ ఉంటాయి. కరవు రోజుల్లో తక్కిన చీమలు వాటి నోటి దగ్గరికి వచ్చి తాగిపోతాయి. బతికున్న తేనె జాడీలు! అక్కడి ఆదివాసీ ఆడవాళ్లకు ఏ ముల్గా కింద తవ్వాలో తెలుసు.

స్పినిఫెక్స్ గడ్డి మరో వింత. ఖండంలో ఐదోవంతుకు పైగా నేలను కప్పేసిన ఈ గడ్డి గుబురుగా, గుండ్రంగా పెరుగుతుంది. ఆకు చివర సిలికాతో గట్టిపడ్డ సూది. కాలికి గుచ్చుకుంటే ముల్లు లోపలే విరుగుతుంది. పశువులకు రుచించదు. చెదలకు మాత్రం పండగ. చెదలున్నచోట బల్లులు. ఎరిక్ పియాంకా అనే అమెరికన్ జీవశాస్త్రజ్ఞుడు 1960ల నుంచి ఆ ఎడారిలో బల్లులను లెక్కపెట్టి ఒకేచోట 40కి పైగా జాతులు కలిసి బతుకుతున్నట్టు చూపించాడు. ప్రపంచంలో ఇంకే ఎడారికీ ఆ భాగ్యం లేదు. నడకదారి కాళ్లకు నరకం చూపించే గడ్డి ఇన్ని ప్రాణులకు ఇల్లు.

ఆ బల్లుల్లో ఒకదాన్ని ‘ముళ్ల దయ్యం’ అంటారు. అరచేతిలో పట్టేంత ఉంటుంది. ఒళ్లంతా ముళ్లు, మెడ మీద ఇంకో దొంగ తలకాయ. శత్రువు వస్తే అసలు తల దించి ఆ బొడిపెను చూపిస్తుంది. తినేది చీమల్నే, ఒక్కొక్కటిగా నాలుకతో అంటించుకుని పూటకు వెయ్యి దాకా. నోటితో వంగి నీళ్లు తాగడం దానికి చేతకాదు. అందుకని చర్మంతో తాగుతుంది. పొలుసుల మధ్య సన్నని కాలువలుంటాయి. తడి ఇసుక మీద నిలబడితే చాలు, నీరు కాళ్ల మీంచి, పొట్ట మీంచి ఆ కాలువల్లో తనంతట తానే పాకి నోటి అంచుకు చేరుతుంది. దవడ ఆడిస్తూ చప్పరించడమే దాని పని. ఎండిన బంకమట్టి గుంటల కింద ఇంకో ప్రాణి నిద్రపోతూ ఉంటుంది. అదొక కప్ప. వాన వెలిసే ముందు కడుపారా నీళ్లు తాగి, మట్టిలోకి దిగి, తన చర్మపు పొరలనే వదులుస్తూ వాటితో తన చుట్టూ గూడు కట్టుకుంటుంది. మళ్లీ వాన చప్పుడు వినిపించేదాకా ఏళ్ల తరబడి అలాగే ఉండగలదు. దాహంతో ఉన్న ఆదివాసీలు దాన్ని తవ్వి తీసి, పొట్ట మెల్లగా నొక్కి ఆ నీళ్లు తాగేవారు.

రాబిన్ దినచర్యకూ ఇలాంటి పొదుపే ఆధారం. తెల్లవారకముందే లేవాలి, టీ కాచుకోవాలి, రాత్రి మేతకు వెళ్లిన ఒంటెలను గంటల చప్పుడును బట్టి వెతికి తేవాలి, సామాను కట్టాలి. ఒక్క సామాను కట్టడానికే గంటలు పట్టేది. ఆ తర్వాత 30 కిలోమీటర్ల నడక. ఒకనాడు లేచేసరికి గంటల చప్పుడే లేదు. ఒంటెలు లేకపోతే నీళ్లు లేవు, తిండి లేదు, బయటపడే దారీ లేదు. ఆ పూట ఆమెకు దిక్కయింది డిగ్గిటి ముక్కు.

ఉలురు దగ్గరికి చేరేటప్పటికి పర్యాటకుల బస్సులు కనిపించాయి. చదును నేల మీద 348 మీటర్ల ఎత్తున, తొమ్మిది కిలోమీటర్లకు పైగా చుట్టుకొలతతో ఒకే ఒక్క రాయి. పొద్దును బట్టి నారింజ, ఎరుపు, ఊదా రంగులు మారుతుంది. అయితే ఆ రంగూ పైపూతే. రాయి లోపల బూడిదరంగు. ఆనాటికి దాన్ని ‘అయర్స్ రాక్’ అనేవారు. ఎవరు పడితే వాళ్లు గొలుసు పట్టుకుని ఎక్కేవారు. 1985 అక్టోబరు 26న ప్రభుత్వం ఆ నేలను అసలు హక్కుదారులైన అనాంగు ప్రజలకు అప్పగించింది. 2019లో సరిగ్గా అదే తేదీన కొండ ఎక్కడం ఆగిపోయింది. దాని పక్కనే కటా జుటా, 36 గుండ్రని శిఖరాల గుంపు. నాకు ఫొటోల్లో చూసినప్పుడల్లా ఉలురు కంటే అదే గొప్పగా కనిపిస్తుంది. బస్సులవాళ్లు ఒప్పుకోరనుకోండి.

అక్కడి దిబ్బల మీద ‘ఎడారి ఓక్’ అని పిలిచే చెట్లుంటాయి. పేరు చూసి మోసపోకూడదు, అది ఓక్ కాదు. మన బాపట్ల, చీరాల తీరాల్లో ఇసుకను పట్టి నిలిపే సరుగుడు కుటుంబంలోది. సరుగుడు తోటలో గాలి వీచినప్పుడు వినిపించే ఆ దీర్ఘమైన ఊపిరి శబ్దమే సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలోని ఆ ఎడారిలోనూ వినిపిస్తుంది. ఈ చెట్టు ఏళ్ల తరబడి సన్నని నిలువు కర్రగానే ఉండిపోతుంది. కొమ్మలు చాచదు, నీడ ఇవ్వదు. ఎదుగుదలంతా నేలలోపలికే. తల్లివేరు భూగర్భజలాన్ని తాకిన తర్వాతే తల విప్పి విశాలంగా పరుచుకుంటుంది. పక్కపక్కనే ఉన్న బక్క చెట్టునూ గొడుగు చెట్టునూ చూసి రెండు జాతులనుకునేవాళ్లున్నారు.

ఉలురు దాటి పడమటికి వెళ్తే పిట్జంట్‌జారా ప్రజల దేశం. అక్కడి నేల మీద దారులన్నీ వాళ్ల ఆదిగాథల దారులు. వాళ్లు ఆ గాథలను, ధర్మాన్ని కలిపి ‘చుకుర్పా’ అంటారు. ఏ కొండను ఏ పూర్వజుడు చేశాడో, ఏ గుంటలో నీరుంటుందో, ఎక్కడికి ఎవరు వెళ్లకూడదో అన్నీ పాటల్లో ఉంటాయి. కొన్నిచోట్లకు ఆడవాళ్లు వెళ్లకూడదు. ఒంటరిగా వెళితే తెలియకుండానే అలాంటి చోట కాలు పెట్టొచ్చు. అందుకని ఒక పెద్దాయన ఆమెకు దారి చూపడానికి వచ్చాడు. ఈ నడక గురించి ఆమె తర్వాత రాసిన ‘ట్రాక్స్’ పుస్తకంలో ఆయన పేరు మిస్టర్ ఎడ్డీ. ఇంగ్లీషు అంతంతమాత్రం. వార్బర్టన్ దాకా వారాలపాటు ఇద్దరూ కలిసి నడిచారు.

మొదట్లో ఆమెకు చిరాకు. ఆయన ఉన్నట్టుండి దారి తప్పించి ఎటో తీసుకెళ్లేవాడు. ఒక చెట్టు దగ్గర ఆగేవాడు, ఒక రాయిని చూసి ఏదో పాడుకునేవాడు. ఆయనకు కావలసిన అడవి పొగాకు ఒకచోట దొరికేది, దాన్ని బూడిదతో కలిపి ముద్ద చేసి దవడన పెట్టుకునేవాడు. మనవాళ్లు పొగాకులో సున్నం కలుపుకోవడానికీ ఆయన బూడిద కలపడానికీ కారణం ఒకటే. క్షారం తగిలితేనే పొగాకు సారం బయటికి వస్తుంది. రెండు ఖండాల్లో ఎవరూ ఎవరికీ చెప్పకుండా కనిపెట్టిన రసాయనశాస్త్రం! నెమ్మదిగా ఆమె గడియారం మీద ధ్యాస తగ్గించుకుంది. ఇన్ని కిలోమీటర్లు, ఇన్ని గంటలు అన్న లెక్క ఆయనతో పొసగలేదు. కాళ్లు ఆగినచోట ఆగడం, రాతిగుంటల్లో నీరు ఎక్కడుంటుందో చూడటం, తాగాక జంతువులు పడకుండా, ఎండకు ఆవిరి కాకుండా వాటిని రాళ్లతో కొమ్మలతో మూయడం, ఇవీ ఆ దేశపు పద్ధతులు.

ఒకనాడు కారులో వచ్చిన పర్యాటకులు ఆయన్ను ‘ఏయ్ బాయ్’ అన్న ధోరణిలో పిలిచి ఒంటె పక్కన నిలబడమన్నారు, ఫొటోకి. పెద్దాయన పిచ్చెక్కినవాడిలా గెంతుతూ కర్ర తిప్పుతూ డబ్బులు ఇమ్మని మీదికి వెళ్లాడు. వాళ్లు కారెక్కి పరారీ. దుమ్ము తగ్గాక ఆయన, ఆమె ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. ఒకరి భాష ఒకరికి రాకపోయినా ఆ నవ్వుకు అనువాదం అక్కర్లేకపోయింది.

వార్బర్టన్ తర్వాత ఆయన లేడు. ముందున్నది గిబ్సన్ ఎడారి, అందులోంచి గన్‌బారెల్ హైవే. హైవే అంటే నవ్వు వస్తుంది. రాకెట్ల ప్రయోగ క్షేత్రం అవసరాల కోసం 1950లలో లెన్ బీడెల్ అనే సర్వేయరు బృందం వేసిన మట్టిదారి అది. తుపాకీ గొట్టంలా తిన్నగా ఉండాలని ఆ పేరు. 1977 నాటికి అది గడ్డిలోంచి వెళ్లే రెండు చక్రాల జాడలు మాత్రమే. వందల కిలోమీటర్ల దాకా ఊరన్నది లేదు.

ఆ ఎడారికి గిబ్సన్ పేరు వచ్చిన కథ చెప్పుకోవాలి. 1874లో ఎర్నెస్ట్ గైల్స్ అనే అన్వేషకుడు ఆల్ఫ్రెడ్ గిబ్సన్‌ను వెంటబెట్టుకుని గుర్రాల మీద లోపలికి పోయాడు. గుర్రాలు దాహానికి పడిపోయాయి. మిగిలిన ఒకే గుర్రాన్ని గిబ్సన్‌కిచ్చి సాయం తెమ్మని పంపి, తాను నీళ్ల పీపా భుజాన వేసుకుని కాలినడకన వెనక్కి మళ్లాడు. గిబ్సన్ మళ్లీ ఎవరికీ కనిపించలేదు. గైల్స్ దాదాపు 100 కిలోమీటర్లు ఈడ్చుకుంటూ వచ్చి బతికాడు. మధ్యలో ఒక చిన్న వాలబీ పిల్ల దొరికితే దాన్ని బతికుండగానే చర్మంతో సహా తినేశాడు. ఆ సంగతి ఆయనే రాసుకున్నాడు. మరుసటి ఏడు అదే మనిషి ఒంటెలతో, శాలే అనే అఫ్గాన్ కాపరితో మళ్లీ బయల్దేరాడు. ఈసారి 17 రోజులు, 520 కిలోమీటర్లు చుక్క నీరు దొరక్కపోయినా అందరూ బతికి బయటపడ్డారు. మనిషి మారలేదు, జంతువు మారింది, తోడు మారింది.

అయితే ఒంటె తోడే ఒక్కోసారి ప్రమాదం తెచ్చిపెడుతుంది. అక్కడి చలికాలం మగ ఒంటెలకు మదమెక్కే కాలం. మదమెక్కిన పోతు నోట్లోని మెత్తని అంగిలి గాలికి ఉబ్బి గులాబీరంగు సంచిగా నోటి పక్కన వేలాడుతుంది. గుడగుడమని చప్పుడు, నురగ, పళ్లు కొరకడం. ఆడ ఒంటె కనిపిస్తే మనిషిని తొక్కేయడానికీ వెనకాడదు. అడవిపోతు ఎదురైతే ముందు కాల్చు, ఆలోచన తర్వాత చేసుకో అని రాబిన్‌కు శాలే మహమ్మద్ ఎన్నోసార్లు చెప్పి పంపాడు. ఆమె కాల్చింది. ఒంటెలను ప్రేమించడం నేర్చుకున్న చేతులతోనే. శిష్యరికంలో ఇదీ ఒక పాఠమే, మనకు నచ్చినా నచ్చకపోయినా.

ఎడారి దాటి కార్నెగీ అనే పశువుల క్షేత్రం చేరితే అక్కడ సరుకులు దొరుకుతాయనుకుంది. తీరా చూస్తే మనుషులు వదిలేసి పోయారు. కరవు. చుట్టూ నేల పశువులు గీకి గీకి మేసి బోడి చేసింది. ఇన్నాళ్లూ తాను నడిచిన అసలు ఎడారి పచ్చగా ఉంది, మనుషులు కంచె వేసి సాగుచేసుకున్న చోటు ఎడారై కనిపించింది. ఆ పుస్తకంలో నన్ను అన్నిటికంటే ఎక్కువసేపు ఆపిన పేజీ అదే.

ఆ తర్వాత కానింగ్ స్టాక్ రూట్ మీద కొంత దూరం. పశువుల మందలను తోలుకుపోవడానికి బావులు తవ్వించుకుంటూ వేసిన దారి అది. ఆ బావుల కోసం 1906లో ఆల్‌ఫ్రెడ్ కానింగ్ ఆదివాసీలను గొలుసులతో కట్టి, దాహం పెట్టి, నీటి జాడలు చెప్పించుకున్నాడు. ఎడ్డీ చూపించిన నీటికీ ఈ నీటికీ మధ్య దూరం కిలోమీటర్లలో చెప్పలేం.

డిగ్గిటి అక్కడే పోయింది. డింగో కుక్కల కోసం వేసిన స్ట్రిక్నైన్ విషపు ఎర తిన్నది. ఆ విషానికి ఎడారిలో మందు లేదు. రాత్రి చీకట్లో రాబిన్ తన చేత్తో తుపాకీ పేల్చవలసి వచ్చింది. దీని గురించి ఆమె ఎక్కువ రాయలేదు. నేనూ రాయను.

చివరికి షార్క్ బే తీరంలో హేమెలిన్ పూల్. హిందూ మహాసముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన ఒక నిశ్చలమైన పాయ. అన్ని నీళ్లు పుట్టిన తర్వాత ఎన్నడూ చూడని ఒంటెలు గాభరా పడ్డాయి. నురగ కాళ్లకు తగిలినప్పుడల్లా పక్కకు దూకాయి. ఆమె వాటిని దగ్గర్లోని వుడ్‌లీ క్షేత్రంలో, మంచి మనసున్న కుటుంబానికి అప్పగించింది. 1978 మే నెల ‘నేషనల్ జియోగ్రాఫిక్’ ముఖచిత్రం మీదికి ఆమె ఎక్కింది. 1980లో ‘ట్రాక్స్’ పుస్తకం వచ్చింది. 2013లో సినిమా కూడా తీశారు.

ఆమె నడక ముగిసిన ఆ తీరంలోనే ఇంకో వింత ఉంది. పోటు తగ్గినప్పుడు నీళ్లలోంచి నల్లని మొద్దు రాళ్లు బయటపడతాయి. అవి రాళ్లు కావు, స్ట్రోమటోలైట్లు. కంటికి కనబడని సూక్ష్మజీవులు పొర మీద పొరగా, ఇసుకనూ సున్నాన్నీ పట్టి కట్టుకుంటూ వచ్చిన ఇళ్లు. ఆ పాయలో నీరు మామూలు సముద్రానికి రెట్టింపు ఉప్పగా ఉంటుంది కాబట్టి వాటిని మేసే నత్తలు అక్కడ బతకలేవు. అందుకే అవి మిగిలాయి. 1950లలో శాస్త్రజ్ఞుల కంట పడేదాకా ఇలాంటివి శిలాజాలుగా తప్ప బతికి ఎక్కడా లేవనే అనుకున్నారు. అదే రాష్ట్రంలో ఉత్తరాన పిల్బరా రాళ్లలో వీటి పూర్వికుల ముద్రలు 350 కోట్ల ఏళ్ల నాటివి ఉన్నాయి. ఈ జాతి సూక్ష్మజీవులు ఎండను తిని వదిలిన ప్రాణవాయువే మెల్లగా సముద్రాల్లోకి, గాలిలోకి చేరింది. ఆ వాయువు తగిలి ఇనుము తుప్పుపట్టింది. తొమ్మిది నెలలు రాబిన్ కాళ్ల కింద నలిగిన ఎరుపంతా ఆ మొద్దుల పూర్వికుల పుణ్యమే.

ఈ మొద్దులు ఏడాదికి అర మిల్లీమీటరు మించి పెరగవు. పాతరోజుల్లో లోపలి గొర్రెల క్షేత్రాల నుంచి ఉన్ని మూటలను బండ్ల మీద వేసి, ఒంటెల చేత లాగించి, ఈ పాయలోంచే పడవల దాకా తోలేవారు. దాదాపు వందేళ్ల కింద ఆ బండి చక్రాలు ఈ సూక్ష్మజీవుల చాపల మీద గాడులు చేశాయి. ఇంకా పూడలేదు. నీళ్లు తేటగా ఉన్ననాడు కనిపిస్తాయి.